పిట్ట బొమ్మ పక్కన ఓ మనిషి గొంతు

పక్షుల్ని గుర్తుపట్టే పుస్తకాల్లో రంగులూ కొలతలూ ఎవరైనా ఇవ్వగలరు. చదివినవాణ్ణి చేలగట్టు దాకా లాక్కెళ్లేది రాసినాయన చూపు, రాసిన తీరు. సలీం అలీ నుంచి ఇందుచూడన్ దాకా అలా రాసినవాళ్ల కథ ఇది. అలాంటి పుస్తకం ఇంకా రాని కోనసీమ కథ కూడా.

కొత్తపేట దాటాక కాలవ గట్టు వెంట నడిస్తే, ఊడ్పులైన మళ్లలో మట్టిరంగు కొంగ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఉందని మాత్రం చివరిదాకా తెలియదు. మెడ భుజాల్లోకి దించుకుని, గట్టు మట్టిలో కలిసిపోయి నిలబడుతుంది. మనం బాగా దగ్గరికి వెళ్లాక ఒక్క అరుపు అరిచి లేస్తుంది. లేచిన క్షణాన అది తెల్లకొంగ! రెక్కల తెలుపంతా అప్పటిదాకా వీపు మీది గోధుమరంగు ఈకల కింద దాచుకుని ఉంది. గుడ్డి కొంగ అనేది దీన్నే. గుడ్డిది మనమా, అదా అన్నది వేరే సంగతి.

ఈ కొంగ కోసం ఇవాళ్టి పక్షుల గైడు ఏదైనా తిప్పి చూడండి. పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, మెడా రొమ్మూ చారలు, రెక్కలు తెలుపు, ఉండేది చిత్తడి నేలల్లో. నాలుగు వరుసల్లో ముగుస్తుంది. ప్రతి మాటా నిజమే. చేత్తో పట్టుకుని పొలాల్లో తిరిగే పుస్తకంలో అంతకన్నా చోటు ఉండదన్న వాదనా సబబే. అయితే ఆ నాలుగు వరుసలు చదివి ఆదివారం పొద్దున్నే పక్క దిగి కాలవ గట్టుకు వెళ్లినవాళ్లు ఎంతమంది? వెళ్లేలా చేసిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో బొమ్మ పక్కన ఓ మనిషి ఉంటాడు. ఆయనకు ఫలానా పిట్టంటే ముద్దు, ఫలానా పిట్టంటే చిరాకు. ఏం చూశాడో, ఎక్కడ నిలబడి చూశాడో, చూస్తుండగా ఏమనుకున్నాడో చెబుతాడు. చదువుతున్నంతసేపూ మనం ఆయన వెనకే నడుస్తుంటాం.

కాకి కన్నా చిన్న, గోరింకంత

మన దేశంలో ఆ మాట ఎత్తగానే ముందుగా వచ్చే పేరు సలీం అలీ. ఆయన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'ను 1941లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వేసింది. అంతకుముందు పుస్తకాలు లేవని కాదు. పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విస్లర్ రాసిన చేతిపుస్తకం 1928లోనే వచ్చింది. గట్టి పుస్తకం, కానీ అప్పటికే పక్షుల పిచ్చి పట్టినవాళ్లకు రాసింది. సలీం అలీ జీవితంలో ఎన్నడూ పిట్టను పట్టించుకోనివాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశాడు.

కొలతల దగ్గరే ఆ తేడా తెలిసిపోతుంది. పిచ్చుకంత, బుల్బుల్ కన్నా కాస్త పెద్ద, గోరింకంత, కాకి కన్నా చిన్న... ఇలా ఉంటుంది ఆయన లెక్క. టేపు పట్టుకుని కొమ్మెక్కి పిట్టను కొలిచేవాడెవడూ లేడు కాబట్టి, ఊళ్లో అందరికీ తెలిసిన పక్షినే కొలబద్ద చేశాడు. రూపం గురించి క్లుప్తంగా ముగించి, నడత దగ్గర తీరిక చేసుకున్నాడు. ఎలా తింటుంది, ఎవరితో తగువు పడుతుంది, గూడు ఎక్కడ కడుతుంది, కూత ఎలా ఉంటుంది అన్నవి వచ్చేసరికి వాక్యాలకు ప్రాణం వస్తుంది. పిట్టను గుర్తుపట్టాక పుస్తకం మూసెయ్యాలనిపించదు. అసలు చదవడం అప్పుడే మొదలవుతుంది.

దేహ్రాదూన్ జైల్లో ఉన్న నెహ్రూ ఈ పుస్తకాన్నే కూతురికి పంపాడు. అప్పటిదాకా పిట్టల్ని చూసీ చూడనట్టు పోయే తన కళ్లు తెరిపించింది ఆ పుస్తకమేనని ఇందిరా గాంధీ తర్వాత రాసుకుంది. జైలు గోడల మధ్య నుంచి పక్షుల పుస్తకం పంపడంలో ఉన్న ఔచిత్యం ఎవరికైనా తెలుస్తుంది. అయితే పంపింది కొలతల పట్టిక అయ్యుంటే ఆమె దాన్ని అంతగా తలచుకునేదా అన్నది నా అనుమానం.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. సలీం అలీ మొదట్లో రాసిన ఇంగ్లిషు బిగుసుకుపోయినట్టు ఉండేది. ఇంగ్లండులో చదువుకున్న భార్య తెహ్మీనా దాన్ని సరళం చేసింది. 1939లో, పుస్తకం రాకముందే ఆమె చనిపోయింది. మన పక్షి సాహిత్యం ఆమెకు పడిన బాకీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

రెండోది, ఆయన చూపు. జర్మనీలో చదువు ముగించుకుని వచ్చేసరికి బొంబాయి మ్యూజియంలో ఉద్యోగం పోయింది. ఖర్చు తట్టుకోలేక సముద్రం అవతల కిహీం అనే పల్లెలో భార్య తరఫు వాళ్ల ఇంటికి మకాం మార్చారు. 1930 వానాకాలం. ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాడి గూళ్లు. పనిలేని మనిషి మంచె కట్టుకుని రోజంతా వాటినే చూస్తూ కూర్చున్నాడు. అంతకుముందు ఎవరికీ సరిగా తెలియని సంగతి అక్కడ బయటపడింది.

మన రాజోలు, మలికిపురం వైపు తాటిచెట్లకు వేలాడే గూళ్లలో కొన్ని నిండుగా, కింద పొడుగాటి గొట్టంతో ఉంటాయి. కొన్ని సగంలో ఆగిపోయి, మధ్యలో ఒక అడ్డు పట్టీతో బోర్లించిన టోపీల్లా ఉంటాయి. గాలికి పాడైపోయాయనుకుంటాం. కారణం వేరే. మగపిట్ట గూటిని అక్కడిదాకా కట్టి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపల దూరి, లాగి పీకి చూస్తుంది. నచ్చితే కాపురం ఉంటుంది. అప్పుడు మగపిట్ట మిగతా గూడూ గొట్టమూ పూర్తిచేస్తుంది. ఆమె గుడ్ల మీద కూర్చోగానే ఈయన పక్క మట్టకు ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడపిట్టను పిలుస్తాడు. ఎవరికీ నచ్చని సగం గూళ్లు అలాగే ఉండిపోతాయి. సలీం అలీ ఇదంతా 1931లో సొసైటీ పత్రికలో అచ్చువేశాడు. శాస్త్రానికి అది కొత్త సంగతి. చెప్పిన తీరు మాత్రం పెళ్లిచూపుల కబురంత సరదాగా ఉంటుంది. ఆ పేజీ చదివినవాడు మర్నాడు తాటిచెట్టు కింద తల ఎత్తకుండా వెళ్లలేడు.

ఉప్పు శాఖ ఉద్యోగి, నెల్లూరు డాక్టరు

సలీం అలీకీ ఓ పెద్ద ఉన్నాడు. ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్‌కెన్. అచ్చులో మూడక్షరాలే: ఇ.హెచ్.ఎ. 1851లో సతారాలో పుట్టాడు, ఉప్పు, కస్టమ్స్ శాఖలో ఉద్యోగం చేశాడు. 1883లో బొంబాయి సొసైటీని మొదలుపెట్టిన ఎనిమిది మందిలో ఒకడు. అదే ఏడు వచ్చిన 'ది ట్రైబ్స్ ఆన్ మై ఫ్రాంటియర్'లో ఆయన వెళ్లిన అడవులేమీ లేవు. తన బంగళా వరండా, పెరడు, అక్కడికి వచ్చే ఎలుకలు, కాకులు, చీమలు. వాటితో ఈ పెద్దమనిషికి నిత్యం సరిహద్దు తగాదాలు. 1900లో బొంబాయి నగరపు మామూలు పక్షుల మీద కూడా ఓ పుస్తకం తెచ్చాడు. అపురూపమైన పిట్ట కోసం హిమాలయాలకు పోనక్కర్లేదు, నీ పెరట్లో కాకిని ఓ గంట చూడు అన్నది ఆయన దారి. ఆ హాస్యంలో కొంత ఇవాళ చదివితే ములుకులా గుచ్చుకుంటుంది; తెల్లదొర నౌకర్ల మీద వేసే పరిహాసాలు కొన్ని పాచిపోయాయి. పక్షుల మీద వేసినవి పాచిపోలేదు.

తెలుగు నేలకు ఇంకా దగ్గరివాడు టి.సి. జెర్డన్. మద్రాసు సైన్యంలో డాక్టరు, 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. 1862-64 మధ్య వచ్చిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో ఒక్కో పక్షి కింద హిందీ, తమిళాలతోపాటు తెలుగు పేర్లూ ఉంటాయి. నల్లటి చీలుతోక పిట్టకు పసుల పోలిగాడనీ, ఆకులు కుట్టే బుల్లిపిట్టకు లిక్కు జిట్టనీ రాసుకున్నాడు. వేటగాళ్లను, పల్లెజనాన్ని అడగందే ఇవి దొరకవు. కలివి కోడిని ఇంగ్లిషువాళ్లు పిలిచేది కూడా ఈయన పేరుతోనే. దశాబ్దాలపాటు జాడలేక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది.

జెర్డన్ రాతలో గమ్మత్తులు అక్కడక్కడా తళుక్కుమంటాయి. నత్తగుల్ల కొంగ కళ్లు మూసినా నీళ్లలో నత్తను పట్టేస్తుందని రాశాడు. ఊరి నడిమధ్య చెట్ల మీద, మనుషుల్ని లెక్కచేయకుండా, తరతరాలుగా గూళ్లు కట్టుకుంటున్న గూడబాతులను చూసిన సంగతీ రాశాడు. వర్గీకరణ శాస్త్రం అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. ఈ సంగతులు మారలేదు.

కొల్లేటి నుంచి కేరళకు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు కథ. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఇరవై మూడేళ్ల మలయాళీ కుర్రాడు కొల్లేటి సీమలో గూడబాతుల గూళ్ల మధ్య తేలాడు. చెట్లకు చెట్లే నిండి, దాదాపు 3,000 పక్షులు. మన పల్లెల్లో అవి తరతరాలుగా అందరి కళ్ల ముందే ఉన్నాయి. అచ్చులోకి ఎక్కింది మాత్రం ఆయన వచ్చాకే. 1949లో సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. 1974 ప్రాంతానికి ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఆ వ్యాసమే లేకపోతే అంత పెద్ద సందడి ఒకటి అక్కడ ఉండేదన్న సంగతి తాతల కబుర్లలోనే మిగిలేది.

ఈ నీలకంఠనే తర్వాత కేరళలో ఇంగ్లిషు ఆచార్యుడయ్యాడు. ఇందుచూడన్ అనే కలంపేరుతో మలయాళంలో 'కేరళత్తిలె పక్షికళ్' రాశాడు. 1958లో దాన్ని వేసింది కేరళ సాహిత్య అకాడమీ. పక్షుల గైడును ఓ సాహిత్య అకాడమీ వేయడం చూడండి! అది గైడే, పిట్టను గుర్తుపట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఇంగ్లిషు కవిత్వం పాఠం చెప్పే మనిషి, తన ఊరి భాషలో, తాను చూసిన పక్షి గురించి ముచ్చటగా రాసుకున్న వచనమూ అదే. అది చదివి పక్షుల వెంట పడ్డ మలయాళీలు ఓ తరం నిండా ఉన్నారు.

కన్నడంలో ఆ పని పూర్ణచంద్ర తేజస్వి చేశాడు. నవలాకారుడు, ముడిగెరె కాఫీ తోటల్లో కాపురం. 'హక్కి పుక్క' అని పక్షుల పుస్తకం రాశాడు. తమిళనాట ఎం. కృష్ణన్ ఇంగ్లిషులోనూ తమిళంలోనూ రాశాడు. కలకత్తా 'స్టేట్స్‌మన్'లో ఆయన 'కంట్రీ నోట్‌బుక్' శీర్షిక 1950లో మొదలై 1996 ఫిబ్రవరిలో ఆయన పోయినదాకా నడిచింది. నలభై ఆరేళ్లు! ఉడతల మీద, కాకుల మీద, పెంకుటింటి పిచ్చుకల మీద.

మరి మనకో? తెలుగువాళ్లు పక్షుల్ని చూడక కాదు. హైదరాబాదులో 1980లోనే ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం పుట్టింది. దాని పునాదుల్లో ఉన్న ఆశీష్ పిట్టీ 'ఇండియన్ బర్డ్స్' పత్రికను నడిపిస్తున్నారు; 2023లో వచ్చిన ఆయన 'ది లివింగ్ ఎయిర్' వ్యాసాలు ఎంతో శ్రద్ధగా చెక్కిన వచనం. ఇంగ్లిషులో. మన ప్రబంధాల నిండా హంసలూ చకోరాలూ చక్రవాకాలే. హంస రాయబారం చేస్తుంది, చకోరం వెన్నెల తాగుతుంది, చక్రవాకం రాత్రంతా ఏడుస్తుంది. ఆ చక్రవాకం చలికాలంలో మన నదుల్లోకి నిజంగా వస్తుందనీ, నారింజరంగు బాతు అనీ, పేరు మోసిన ఏడుపు మానేసి ఇసుకతిప్ప మీద హాయిగా మేస్తుందనీ కవులెవరూ చెప్పలేదు. గూటి నేత చూసి మురిసి జాషువా గిజిగాడి మీద పద్యాలు రాశాడు; ఆయన చూసి రాసినవాడు. పద్యం నుంచి గైడు దాకా వచ్చే బాట మాత్రం మనకు పడలేదు. కేరళ ఇళ్లలో ఇందుచూడన్‌కు ఉన్న చోటు మన ఇళ్లలో ఏ పక్షుల పుస్తకానికీ దక్కలేదు.

బాణం గుర్తులు వచ్చాక

ప్రపంచంలో ఈ గొంతు ఎక్కడ సన్నగిల్లిందో చెప్పుకోవాలి. 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ తన గైడు తెచ్చాడు. మొదటి అచ్చు 2,000 ప్రతులు వారంలో అయిపోయాయి. ఆయన చిత్రకారుడు. ఒకే పోలికలో ఉన్న పక్షుల్ని పక్కపక్కన గీసి, తేడా ఎక్కడుందో అక్కడికి చిన్న గీత గీశాడు. కంటి మీద చార, తోక అంచు, రెక్క మచ్చ. గొప్ప ఆలోచన. తుపాకీతో కొట్టి చేతిలో పెట్టుకు చూస్తే తప్ప తేల్చలేని పక్షుల్ని దూరం నుంచి తేల్చడం నేర్పింది. ఆ గీతలతోపాటు వచనం కుంచించుకుపోయింది. 1998లో గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్ దంపతులు మన ఉపఖండానికి తెచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుంటే ఏ పక్షికైనా పేరు తేలుతుంది. నా సంచీలోనూ అదే ఉంటుంది. కానీ దాన్ని రాత్రి మంచం మీద చదువుకోమంటే చదవలేను.

ఇప్పుడు కొత్త తమాషా. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి ప్రయోగశాల వాళ్ల మెర్లిన్ యాప్ ఫోటో చూపిస్తే పేరు చెబుతుంది, కూత వినిపిస్తే పేరు చెబుతుంది. అమలాపురం కాలేజీ కుర్రాడి జేబులో ఇప్పుడు పీటర్సన్ గీతలన్నీ ఉన్నట్టే. పేరు చెప్పే పని యంత్రానికి పోయింది కాబట్టి పుస్తకాలకు కాలం చెల్లిందని కొందరి మాట. నాకు అలా అనిపించదు. పేరు చెప్పే బరువు దిగిపోయింది కదా. ఇక పుస్తకం సంగతులు చెప్పొచ్చు.

శాస్త్రజ్ఞుల భయమూ ఒకటుంది. సొంత గొంతు అనగానే పక్షికి మనిషి బుద్ధులు అంటగడతారు. మగపిట్ట 'ఈయన' అవుతుంది, కోయిల మోసగత్తె అవుతుంది. పైన గిజిగాడి దగ్గర నేనూ ఆ పనే చేశాను, చూశారుగా. ఆ సరదా ఎక్కువైతే చూసింది పక్కకు పోయి, ఊహించింది మిగులుతుంది. గిజిగాడు బంకమట్టిలో మిణుగురుల్ని గుచ్చి గూట్లో దీపం పెట్టుకుంటుందన్న కథ అలా పుట్టిందే. మట్టి పెట్టేమాట నిజం. దీపం మనం వెలిగించుకున్నది. మంచి రచయిత మట్టినీ చూపిస్తాడు, దీపం కథా చెబుతాడు, రెంటి మధ్య గీత చెరపడు. సలీం అలీ పుస్తకం నిలిచింది అందుకే: చలోక్తి వేసిన చోట కూడా చూడనిది రాయలేదు.

కాలవ, కొబ్బరి, చెరువు, మొగ

కోనసీమకంటూ ఓ పక్షుల పుస్తకం రాయాలంటే కుటుంబాల వారీగా, లాటిన్ పేర్ల వరసలో రాయనక్కర్లేదని నాకనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చిన కాలవల గట్లు, కొబ్బరి తోటలు, వరి మళ్లు, ఈ మధ్య మళ్లను మింగేస్తున్న చేపల, రొయ్యల చెరువులు, చివరికి అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వైపు మొగలూ మడ అడవులూ. ఏ పిట్ట ఎక్కడ కాపురముంటుందో అక్కడే దాని పేజీ.

రాసేవాడు ముందు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర టీ కొట్టులో కూర్చోవాలి. దింపు తీసే మనిషి ఒకాయన్ను వడ్రంగి పిట్ట గురించి కదిపితే ఆగలేదు. "ఆయ్, అది మాకంటే ముందు చెట్టెక్కుద్దండి. కిందనుంచి మెట్లు మెట్లుగా పోద్ది. మనం చూత్తే మొవ్వ అవతలికి తిరిగిపోద్దండి, మళ్లీ తల తొంగి చూత్తది. పుచ్చు లేని చెట్టు మీద తొర్ర పెట్టదండి, చచ్చిన మొద్దు మీదే దాని పని." ఏ గైడులోనూ ఇంత బాగా లేదు. నల్ల నడుము, బంగారు వీపు, మగదానికి నెత్తంతా ఎరుపు, ఆడదానికి ముందు భాగంలో నలుపు మీద తెల్లచుక్కలు... ఇవి బొమ్మ చెబుతుంది. మనిషి చూస్తే మాను చాటుకు తిరిగే సంగతి ఆయన చెప్పాలి.

చెరువుల దగ్గర ఇంత మర్యాదగా మాట్లాడరు. నీటికాకి పేరెత్తితే చేపల రైతు మొహం మారిపోతుంది. గుంపుగా దిగి పిల్లచేపల్ని మింగేసి, గట్టు మీద రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది. చెరువు మీద అడ్డంగా కట్టిన దారాలు, వలలు, టపాసుల చప్పుళ్లు, పొద్దస్తమానం కేకలేసే కాపలాదారు... ఇంగ్లిషు గైడులో ఈ పక్షి 'చిత్తడి నేలల్లో సాధారణం'. ఇక్కడ అది తగాదా. అప్పు తెచ్చి చెరువు వేసినవాడి గోడూ, వల దారానికి చిక్కి తలకిందులుగా వేలాడే పక్షీ, రెండూ ఒకే పేజీలో పట్టాలి. ఎవరి పక్షమో రచయిత చెబితే చెప్పనీ. గొంతున్న పుస్తకమంటే అదే కదా.

కొన్ని పేజీలు ఎలా ఉండొచ్చో నా చేతనైనంతలో రాసి చూశాను. ఇంతకన్నా బాగా రాసేవాళ్లు ఈ సీమలో చాలామంది ఉన్నారు.

నత్తగుల్ల కొంగ: మామూలు కొంగ కన్నా బాగా పెద్దది. బూడిద తెలుపు, రెక్కల చివర నలుపు. ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది, అవతలి ఆకాశం కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, ఎదిగాక వస్తుంది. నత్తను నొక్కి పగలగొట్టడానికే ఆ సందు అని జూలియన్ హక్స్‌లీ అంతటివాడు అనుకున్నాడు. తర్వాత ఓపిగ్గా చూసినవాళ్లు కాదన్నారు. కింది ముక్కు కొనను లోపలికి పోనిచ్చి, కండ తెంపి, నత్తను బయటికి లాగేస్తుంది. దమ్ము చేసే ట్రాక్టరు వెనక తెల్లకొంగలు తోసుకుంటుంటే ఇది దూరంగా, తొందరలేకుండా నడుస్తుంది. రైతుకు దీనితో పేచీ లేదు.

పసుల పోలిగాడు: బుల్బుల్ కన్నా కాస్త పెద్ద ఒళ్లు, దానికి మించిన తోక, చివర చీలిక. నిలువెల్లా నలుపు. గేదె వీపు మీద తిరుగుతుంది. గడ్డిలోంచి లేచిన పురుగును గాల్లోనే పట్టి మళ్లీ గేదె మీదికే వస్తుంది. గూడు పెట్టిన రోజుల్లో కాకిని చెట్టు దరికి రానివ్వదు, గద్దనైనా వీపు మీద పొడుస్తూ ఊరి చివరిదాకా తరుముతుంది. ఇది తెలిసిన గువ్వలు, పిగిలి పిట్టలు అదే చెట్టు మీద గూళ్లు కడతాయి. కాపలాకు పైసా ఖర్చు లేదు.

తీతువు: కళ్ల ముందునుంచి ముక్కు మొదలుదాకా ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్లు. రాత్రి ఇంటి మీదుగా అరిస్తే కీడని పెద్దలంటారు. గుడ్లు పెట్టేది ఉత్త నేల మీద, గులకల్లో గులకల్లా. కుక్కో మనిషో అటు వస్తే తొక్కేస్తారని గోల చేస్తుంది. కీడు ఎవరికో ఆలోచించండి.

తాటిచెట్టు పిట్ట: పుస్తకాల్లో ఏషియన్ పామ్ స్విఫ్ట్. పిచ్చుక కన్నా సన్నం, కొడవలి రెక్కలు. తీగ మీద వాలి కనిపిస్తే అది వేరే పక్షి, చలికాలం చుట్టపుచూపుగా వచ్చినది. ఇది తీగ మీద వాలదు, నేల మీదా వాలదు. తాటాకు లోపలివైపు తన ఉమ్మితో ఈకల్ని అతికించి గిన్నెలాంటి గూడు చేస్తుంది. తాటిచెట్లు కొట్టేసిన ఊళ్లో దీన్ని వెతకడం దండగ.

పాడు ముక్కు పక్షి అని నేను పిలుచుకునేది, ఇంగ్లిషులో ఇండియన్ స్కిమ్మర్: నారింజ ముక్కు, పై ముక్కు కన్నా కింది ముక్కు పొడుగు. నోరు తెరిచి, కింది ముక్కును నీళ్లలో ముంచి, అలా గీసుకుంటూ ఎగురుతుంది. చేప తగిలితే టక్కున మూస్తుంది. చలికాలంలో కాకినాడ అఖాతం, గౌతమీ మొగ వైపు ఇసుకతిప్పల మీద గుంపుగా దిగుతుంది. కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉన్నది ఆ పక్కనే. ప్రపంచం మొత్తం మీద అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి. చూడాలంటే పడవవాణ్ణి బతిమాలుకోవాలి, ఆటుపోట్లు అతనికే తెలుసు. తిప్ప దగ్గరికి పడవ తీసుకెళ్లమని మాత్రం అడక్కండి. లేపేస్తే మళ్లీ దిగడానికి వాటికి చోటు తక్కువ.

కాకి: మన దగ్గర రెండు. ఊరకాకికి మెడ బూడిదరంగు. మాలకాకి పూర్తిగా నలుపు, ముక్కు బలం. రెంటి గూళ్లలోనూ కోయిల గుడ్లు పెడుతుంది. ఊరకాకిని ఎక్కడైనా చూడొచ్చు: బస్టాండులో, చేపల మార్కెట్లో, మీ వంటింటి కిటికీలో. కనిపించని చోటు ఒక్కటే. గోదావరి రేవులో పిండం పెట్టి, బంధువులంతా ఆకలి మీద నిలబడి, "వచ్చి ముట్టవే తల్లీ" అని చేతులు జోడించిన రోజున. ఆ పూట ఎట్టకేలకు ఒకటి వాలితే, దాని మెడ బూడిదరంగా నలుపా అని చూసినవాణ్ణి నేనింతవరకు ఎరగను.